నూటపన్నెండు ఊళ్ల సీసం

ఆరు కోటలు కూలాయి. ఏడవది మిగిలింది.

తామ్రగిరి రాజ్యానికి రాజధాని అయిన ఆ ఏడవ కోట పేరు తామ్రపురి. ఎర్రరాతి కొండను శిఖరం నుంచి పాదం దాకా చెక్కి కట్టిన కోట అది. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు దాని బురుజులు కొలిమిలోంచి తీసిన ఇనుములా మెరుస్తాయి. గోడల వెంట బారులు తీరిన కంచు మొసళ్ల నోళ్లు వానాకాలంలో నీళ్లు కక్కుతాయి, వేసవిలో వేడిగాలి కక్కుతాయి. పడమటి ద్వారం ముందు రెండు బాణాల వేటు దూరం మైదానం. మైదానం అంచున నిట్టనిలువుగా దిగిన గండి. గండి అడుగున, దూరానికి నీలిపట్టు చీర ఆరవేసినట్టు కనిపించి, దగ్గరికి వెళితే చెవులు గింగురుమనేలా హోరెత్తే నీలవేణి నది.

ఆనాటి మధ్యాహ్నం మైదానంలో గడ్డిపరక కనిపించలేదు. నాగలి కర్రులు సాగగొట్టి బల్లేలు చేసుకున్న రైతులు, కంబళ్లు నడుముకు బిగించిన గొర్రెల కాపరులు, గనుల చీకటికి అలవాటుపడి వెలుగులో కళ్లు చిట్లించే కూలీలు, వలలు భుజాన వేసుకునే వచ్చిన జాలరులు, మొత్తం ముప్పైవేల మంది నిలబడ్డారు. కోట బురుజు మీద తెల్లగొడుగు నీడన మహారాజు రణధవళుడు కూర్చున్నాడు. అతని పక్కన మోకాళ్ల దాకా జడలు వేలాడే మహామాంత్రికుడు భస్మాంగుడు నిలుచున్నాడు. మాంత్రికుడి భుజం మీది గుడ్లగూబ మనుషుల భాష మాట్లాడుతుందని రాజ్యమంతటా చెప్పుకునేవారు. ప్రస్తుతానికి అది, పట్టపగలు లోకంలోని గుడ్లగూబలన్నీ చేసే పనే చేస్తున్నది, నిద్రపోతున్నది.

ముప్పైవేల మందిని అక్కడికి నడిపించి తెచ్చినవాడు సేనాపతి కాదు, రాజకుమారుడు కాదు. గంటలు పోతపోసే కంచరి పోలన.

తామ్రగిరిలో నేరానికి తీర్పు చెప్పేది మనిషి కాదు, సీసం. దాన్ని దివ్యం అనేవారు. నింద పడినవాడు కాగే సీసపు కొప్పెరలో మణికట్టు దాకా చేయి ముంచి తీయాలి. చేయి కాలకపోతే నిర్దోషి, కాలితే దోషి. ముందుగా భస్మాంగుడు మంత్రం చదివేవాడు. రాజుకు కావలసినవాళ్ల చేతులు కాలేవి కావు, అక్కరలేనివాళ్ల చేతులు తప్పకుండా కాలేవి. దేవుడి అభిప్రాయాలకూ రాజు అభిప్రాయాలకూ ఇంత చక్కని పొత్తు ఎలా కుదిరిందని తరతరాలుగా ఎవరూ అడగలేదు. పోలన అడిగాడు. అడిగి ఊరుకోక, మూడేళ్ల కిందట నడిసంతలో తన కొలిమి పెట్టి, మంత్రం లేకుండా సీసంలో చేయి ముంచి, కాలని చేతిని ఎత్తి చూపించాడు. ఆ చేయి వెంట ఒక రాజ్యం కదిలింది.

ఆ చేయి ఎందుకు కాలలేదో తిరుగుబాటు పక్షాన ముగ్గురికే తెలుసు. సీసం బాగా మండితే, తడిచేతి మీది నీరు క్షణంలో ఆవిరై పలుచని తొడుగులా చుట్టూ నిలుస్తుంది. రెప్పపాటు కాలం ఆ తొడుగు చేతిని కాస్తుంది. సీసం కరిగీ కరగనట్టు ఉంటే తొడుగు ఏర్పడదు. లోహం చర్మాన్ని పట్టుకుని వదలదు. అంటే ఎక్కువ వేడి రక్షిస్తుంది, తక్కువ వేడి కాలుస్తుంది. భస్మాంగుడి మంత్రబలమంతా కొలిమి తిత్తులు ఊదేవాడి చేతుల్లో ఉండేది. పదేళ్లు ఆ తిత్తులు ఊది, విసిగి, కొలువు వదిలి వచ్చి ఆ రహస్యం పోలనకు చెప్పినవాడు ముమ్మడి. పోలనకు మేనబావ. పోలన చెల్లెలు మైలమకు మగడు. మూడో మనిషి మైలమ. అన్న పోసే గంటలకు మట్టి అచ్చులు చేసేది ఆమే.

"కోట పడ్డాక అందరికీ చెబుదాం. ఇప్పుడే చెబితే భస్మాంగుడు పద్ధతి మారుస్తాడు" అన్నాడు పోలన మొదటి ఏడాది. రెండో ఏడాదీ అదే మాట అన్నాడు. జనం మాత్రం మంత్రం లేదన్న మాట మరిచిపోయి చేతిని గుర్తుపెట్టుకున్నారు. పసిబిడ్డల తలమీద ఆ చేయి పెట్టించుకునేవారు. మొదట్లో పోలన చేయి వెనక్కి లాక్కునేవాడు. రెండో కోట పడ్డాక లాక్కోవడం మానేశాడు. మైలమ అది చూసింది, చూసి ఊరుకుంది.

పోలన చట్టాలు కూడా అతని కొలిమిలాంటివే. బిరుదులు రద్దు, పన్నులు రద్దు, దివ్యం రద్దు. నాలుగో కోట పడిన నాడు ఇంకొకటి చేర్చాడు: దివ్యానికి తోడ్పడిన ప్రతివాడికీ ఉరి, తిత్తులు ఊదినవాడైనా సరే. ముమ్మడి ఒక్కడికి మినహాయింపు.

నాలుగు రోజుల కిందట రాజు కబురంపాడు. పోలన కోట ముందు అందరూ చూస్తుండగా దివ్యం చేసి చేయి కాలకుండా బయటపడితే, ఒక్క బాణం కూడా వేయకుండా తలుపులు తెరిపిస్తాను అని. గోడలెక్కితే ఐదారువేల ప్రాణాలు పోతాయి. ఇది ఒక చేతితో తేలిపోయే పని. కొలిమి మాది, సీసం మాది, తిత్తులు ఊదేది మా బావ అని పోలన షరతు పెట్టాడు. రాజు అన్నిటికీ తల ఊపాడు. అంత తేలిగ్గా తల ఊపే రాజును చూసి అప్పుడే అనుమానించవలసింది.

మైలమ మైదానం చివర, గండికి దగ్గరగా, తన బండి దగ్గర ఉంది. బండి మీద నిలువెత్తు గంట అచ్చు ఉంది. కోట తలుపులు తెరుచుకోగానే ద్వారం దగ్గరే విజయఘంట పోతపోయాలని అన్న కోరిక. ఆరీ ఆరని మట్టి ఎండకు పగలకుండా తడిగోనెలు కప్పుతుంటే, మనుషుల వరుస ఒకటి కోట ద్వారం ముందు కొలిమి పెట్టిన వేదిక వైపు కదలడం ఆమె కంట పడింది. వాళ్ల చేతుల్లో ఆకుల్లో చుట్టిన ముద్దలున్నాయి. వరుస చివర నిలబడినవాడిని ఆమె ఎరుగును. నది అవతలి జాలరిపల్లె పెద్ద, పుట్టి నడిపే బయ్యన్న.

"ఏంటి బయ్యన్నా అది?"

"మా ఊరి సీసం తల్లీ. మూడు వలలకు కట్టిన గుండ్లు కలిపి కరిగించాం. చేపలు పోతే పోయాయి, ఇలాంటి రోజు మళ్లీ రాదు గదా."

"సీసం ఎందుకు?"

"అదేం మాట? నీ పెనిమిటేగా కబురంపింది. ఊరికో ముద్ద కొప్పెరలో వెయ్యమని. పోలన్న చెయ్యి అన్ని ఊళ్ల సీసం ముట్టుకోవాలట. నూటపన్నెండు ఊళ్లు తల్లీ. మా పక్కూరోళ్లు మాకంటే పెద్ద ముద్ద తెచ్చారు, చూడు వాళ్ల టెక్కు."

మైలమ అతని చేతిలోని ముద్దను తీసుకుంది. పిడికిలంత ఉంది, చల్లగా ఉంది. ఇలాంటివి నూటపన్నెండు. వేదిక మీదికి చూసింది. వరుసలో ముందున్నవాళ్లు ఒక్కొక్కరే కొప్పెరలోకి ముద్ద జారవిడిచి, కళ్లకద్దుకుని దిగుతున్నారు. తిత్తులు ఆగి ఉన్నాయి. నిప్పురవ్వలు పెద్దల మీద పడకుండా ముమ్మడే ఆపించి ఉంటాడు. అంత మర్యాద తెలిసినవాడు ముమ్మడి.

ఆమె పరుగెత్తింది.

ముప్పైవేల మంది మధ్య పరుగెత్తడం అంటే ఈదడమే. ఒక కాపరి మోచేయి అడ్డం పెట్టి, "తోసుకోకమ్మా, అందరికీ కనబడతాడు" అన్నాడు. "నేను ఆయన చెల్లెల్ని" అంటే, "ఇవాళ అందరం చెల్లెళ్లమే" అని ఒక ముసలామె నవ్వింది. వేదిక మీద పోలన నీళ్ల తొట్టిలో కుడిచేయి ముంచాడు. కొమ్ములు, డప్పులు, శంఖాలు ఒక్కసారి మోగాయి. ఆపమని మైలమ పెట్టిన కేక ఆమె చెవులకే వినబడలేదు. నడిఎండలో కొప్పెర వంక చూసి వేడిని అంచనా కట్టడం ఎంతటి కంచరికైనా అసాధ్యం. కరిగిన సీసం చల్లనిదైనా వేడిదైనా ఒకేలా తళతళలాడుతుంది. పోలన బావ వంక చూశాడు. ముమ్మడి తల ఊపాడు.

పోలన చేయి ముంచాడు.

మరుక్షణమే మోకాళ్ల మీద కూలాడు. పైకి తీసిన చేతికి బూడిదరంగు తొడుగు ఒకటి అంటుకుని ఉంది. కొమ్ములు ఒకటొకటే ఆగిపోయాయి. విషయం తెలియని చివరి డప్పు ఒకటి మాత్రం ఇంకొంతసేపు మోగి, సిగ్గుపడినట్టు ఆగింది.

బురుజు మీదినుంచి భస్మాంగుడు గొంతు పెంచకుండానే మాట్లాడాడు. ఆ నిశ్శబ్దంలో పెంచనక్కరలేదు.

"మంత్రం లేదన్నాడు. నిజమే. ఇతని దగ్గర లేదు."

ఆ మాటకు కూడా జనం విరిగిపోయేవారు కాదేమో. వేదిక కింద ఉన్న గని పెద్ద ఒకడు, కొప్పెర వంకా తన ఖాళీ చేతుల వంకా చూసుకుని, "ఇది రాజు సీసం కాదు. మన సీసం. మన ఊళ్ల సీసమే ఇతణ్ణి దోషి అన్నది" అన్నాడు. ఆ మాట నోటినుంచి నోటికి పాకింది. పాకిన మేరకు బల్లేలు నేలమీద పడ్డాయి. ఏడుస్తూ కొందరు, బూతులు తిడుతూ కొందరు, ఏమీ అనకుండా ఎక్కువమంది వెనుదిరిగారు. మూడేళ్లలో కూడిన సైన్యం మూడు గడియల్లో విడిపోయింది.

మైలమ వేదిక ఎక్కేసరికి అక్కడ ముగ్గురే మిగిలారు. స్పృహ తప్పిన పోలన, తిత్తుల మీద చేయి వేసి నిలుచున్న ముమ్మడి, ఆమె.

"బావా, ఏం చేశావు?"

"నేను ముట్టుకోలేదు. సీసం వాళ్లది. వేసింది వాళ్లు."

"వెయ్యమన్నది నువ్వు."

"అవును" అన్నాడు ముమ్మడి. అతని ముఖంలో విజయం లేదు. వారం రోజులు జ్వరపడి లేచినవాడిలా ఉన్నాడు. "నా తమ్ముడు కొమ్మన ఎలా పోయాడో మీ అన్న నీకు చెప్పాడా?"

"ఐదో కోట గోడ ఎక్కుతూ. బాణం తగిలి."

"గోడ మీద కాదు, గోడ కింద. తాడుతో. మనతో చేరకముందు ఆ కోటలో వాడు నాలుగు నెలలు తిత్తులు ఊదాడట. నేను పదేళ్లు ఊదాను మైలమా. నాకు మినహాయింపు, వాడికి ఉరి. నా దగ్గర రహస్యం ఉంది కాబట్టి నేను బావని. వాడి దగ్గర ఏమీ లేదు కాబట్టి ద్రోహి."

"నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆయన్ని అడిగేదానివి. ఆయన కాదనేవాడు. నువ్వు ఆయన్నే నమ్మేదానివి."

 అలా జరిగి ఉండేదని ఆమెకు తెలుసు. పదకొండేళ్లు ఒకే కంచంలో తిన్న మనిషి, ఒకే కొలిమి దగ్గర పెరిగిన మనిషి. ఒకడు ఆమె కళ్లముందు కూలిపోయి ఉన్నాడు, ఇంకొకడు నిలబడి ఉన్నాడు. ఇద్దరిలో ఎవరిని అసహ్యించుకోవడం తేలికో ఆమెకు తెలియలేదు.

కోట తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. మాట ఇచ్చిన ప్రకారమే. కాకపోతే లోపలినుంచి ఆశ్వికదళం బయటికి వచ్చింది.

"ఇంటికి వెళ్లు" అన్నాడు ముమ్మడి. "నీ జోలికి ఎవరూ రారు. మాట తీసుకున్నాను."

"ఏ ఇంటికి బావా?"

అతడు గుర్రాల వైపు తిరిగి, తన కోసం వస్తున్న సేనానికి ఎదురు నడిచాడు. భస్మాంగుడు అతనికి ఆ రోజే చుట్టబోయే ఎర్ర పట్టు తలపాగా ఒకటి పళ్లెంలో ఆ సేనాని వెనకాలే వస్తున్నది. మైలమ అన్నను భుజానికెత్తుకుంది. తడిమట్టి ముద్దలు మోసి మోసి గట్టిపడిన భుజాలవి. పారిపోతున్న జనం ధూళి ఇద్దరినీ కప్పింది.

బండి దగ్గరికి చేరగానే గంట అచ్చు పక్కకు ఒరగదీసి, దాని బోలులో అన్నను మోకాళ్లు ముడిచి కూర్చోబెట్టి, మళ్లీ నిలబెట్టింది. తొట్టిలోని బంకమట్టి ముఖానికీ చేతులకూ పూసుకుని, కొంగు నడుముకు దోపి, జుట్టు ముడి విప్పేసింది. క్షణం కిందటి తిరుగుబాటు నాయకుడి చెల్లెలు ఇప్పుడు తిండికి లేని కుమ్మరి మనిషి. ఎద్దులను అదిలించింది.

వంద బారలు పోకముందే నలుగురు ఆశ్వికులు అడ్డగించారు.

"ఆగవే. ఏముంది ఇందులో?"

"మట్టయ్యా. మట్టి లోపల గాలి."

ముందున్నవాడు బల్లెం ఎత్తాడు. "పొడిచి చూస్తే సరి."

"పొడవండి. పగిలితే మహారాజుగారి విజయఘంటకు అచ్చు మీరే చెయ్యాలి. పదహారు రోజుల పని. మీకు మట్టి పిసకడం వచ్చా అయ్యా?"

బల్లెం గాలిలో ఆగింది. "అప్పుడే విజయఘంటా? గెలిచి పూటైనా కాలేదు."

"గెలుస్తారని మాకు ముందే చెప్పారు గదా."

ఆ జవాబు అతనికి సబబుగా తోచింది; అతనికి కూడా ముందే చెప్పారు. దారి ఇవ్వబోతుండగా అచ్చులోంచి సన్నని మూలుగు వినబడింది. ఆశ్వికుడి కళ్లు పెద్దవయ్యాయి.

"అది మూలుగుతున్నదేం?"

"పచ్చిమట్టి ఎండకు ఆరుతుంటే అలాగే మూలుగుతుంది" అన్నది మైలమ ఎద్దుల తోకలు సవరిస్తూ. "కోటలో గుడ్లగూబ మాట్లాడుతుంది, మా మట్టి మూలగకూడదా?"

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒకడు లెంపలు వేసుకుని, గుర్రాలను పక్కకు తప్పించారు. ఏ మూఢనమ్మకం మీద మూడేళ్లు యుద్ధం జరిగిందో అది ఆ పూట ఇద్దరి ప్రాణాలు కాపాడింది. చరిత్రలో ఇలాంటివి జరుగుతుంటాయి. వాటినుంచి నీతి తీయడం కష్టం.

గండి దారి మొదటి మలుపు తిరిగేసరికి వెనక డెక్కల చప్పుడు. మైలమ తిరిగి చూసింది. పన్నెండు గుర్రాలు, అన్నిటికంటే ముందున్నవాడి తలమీద కొత్త పట్టు తలపాగా. ఆ అచ్చు ఎవరి గంట కోసం చేశారో ఆశ్వికులకు తెలియకపోవచ్చు, ముమ్మడికి తెలుసు. దానికి మట్టి తొక్కింది అతడే.

ఆమె పగ్గాలు వదిలేసి ఎద్దులను ముల్లుకర్రతో పొడిచింది. ఏనుగు తొండంలా మెలికలు తిరిగిన ఆ దారిలో నడిచి దిగడానికే జంకుతారు. బండి చక్రాలు నిప్పులు రాలుస్తూ దూకాయి. రెండో మలుపులో ఒక ఇరుసు చీల ఊడింది. మూడో మలుపులో ఒక బాణం వచ్చి అచ్చులో దిగబడి ఊగింది. నాలుగో మలుపులో కుడిచక్రం తన దారి తాను చూసుకుంది. మైలమ కాడి తాళ్లు కోసి ఎద్దులను వదిలి పక్కకు దూకింది. బండి పల్టీకొట్టింది, అచ్చు దొర్లుకుంటూ పోయి నది ఒడ్డు రాళ్ల మీద గుమ్మడికాయలా పగిలింది. పెంకుల మధ్యనుంచి పోలన, పొట్టలోంచి బయటపడిన శిశువులా మట్టితో కప్పబడి, దగ్గుతూ లేచాడు. బాధకో, దెబ్బకో, అతనికి తెలివి వచ్చింది.

ఒడ్డున ఒకే ఒక్క పుట్టి ఉంది. వెదురు తడికకు తోలు బిగించిన గుండ్రని పడవ. అందులో బయ్యన్న ఒంటరిగా కూర్చుని తెడ్డు ఒళ్లో పెట్టుకుని నీళ్లవంక చూస్తున్నాడు. మైలమ అన్నను అందులోకి తోసి తానూ దూకింది.

"దిగండి" అన్నాడు బయ్యన్న వాళ్ల ముఖాలు గుర్తుపట్టి. "వాణ్ణి నా పుట్టిలో ఎక్కించుకోను. నా మనవరాలి తలమీద చెయ్యి పెట్టించాను వీడితో."

పట్టు తలపాగా చివరి మలుపు దిగింది. ఒక బాణం పుట్టి అంచును చీల్చుకుని పోయింది. బయ్యన్న ఒక బూతుమాట అని తెడ్డు వేశాడు; అతని కోపం పోలన మీద, పుట్టి మాత్రం తనది. నాలుగు వేట్లలో పుట్టి ప్రవాహంలో పడి బొంగరంలా తిరుగుతూ ఒడ్డు వదిలింది. గుర్రాలు ఒడ్డున ఆగాయి. కిందివైపు రేవు ఉంది. అక్కడినుంచి గుర్రాలు ఈదగలవు. ముమ్మడి అటు చెయ్యి చూపించడం మైలమకు కనిపించింది.

"బయ్యన్నా, ఆయన చెయ్యి ఎందుకు కాలిందో చెబుతాను. తెడ్డు ఆపకుండా విను" అన్నది ఆమె. తడిచేయి, ఆవిరి తొడుగు, తిత్తులు, అన్నీ చెప్పింది. చల్లని ముద్దలు వేడి కొప్పెరను ఏం చేస్తాయో చెప్పింది. మూడేళ్లు ముగ్గురి మధ్య దాగిన మాట, ఒక పుట్టివాడికి అర్థమయ్యేలా చెప్పడానికి పట్టిన కాలం ఇరవై తెడ్డు వేట్లు.

బయ్యన్న తెడ్డు ఆగిపోయింది.

"అంటే మేమే కాల్చామంటావా?"

"మీకు తెలియదు."

"తెలియదు. ఎవరు చెప్పారు గనక తెలియడానికి?" అన్నాడు బయ్యన్న. "వాడు దొంగ అనుకుంటూ ఇంటికి పోతే నాకే బావుండేది తల్లీ."

మైలమ అన్న వైపు తిరిగింది. "కొమ్మనను ఉరితీశావా?"

పోలన చేతిని పొట్టకు అదుముకుని వణుకుతున్నాడు. "చట్టం చేశాక ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకొకలా ఉండకూడదనుకున్నాను" అన్నాడు.

"బావకు ఉన్నది గదా ఇంకొకలా."

"బావ కావలసి వచ్చాడు."

"నాతో బాణం తగిలిందన్నావు. పదకొండు రోజులు వాడి కోసం ఏడ్చాను, నువ్వు పక్కన కూర్చుని ఓదార్చావు."

"అన్నాను" అన్నాడు పోలన.

నది మధ్యలో ఒక నల్లరాయి ప్రవాహాన్ని రెండుగా చీలుస్తుంది. కుడిపాయ రాళ్ల మీదుగా దూకి, సాయంత్రానికి పొరుగున ఉన్న మణిమంత రాజ్యంలోకి చేరుస్తుంది. అక్కడ రణధవళుడి గుర్రాలు అడుగుపెట్టలేవు. ఎడమపాయ నిదానంగా జాలరిపల్లె ఇసుకలోకి పోతుంది. ఆ ఇసుక మీద మైదానం నుంచి ముందే ఇల్లు చేరినవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. చేతుల్లో పుట్టి గడలున్నాయి.

"రాయి వస్తున్నది. ఎటో చెప్పు" అన్నాడు బయ్యన్న.

"మణిమంతకు" అన్నాడు పోలన. ఒక్కసారి అతని గొంతులో పాత నాయకుడి బిగువు వచ్చింది. "చెయ్యి మానాలి. అక్కడి రాజు రణధవళుడికి పగవాడు, సైన్యం ఇస్తాడు. కోట పడ్డాక అందరికీ అన్నీ చెబుదాం."

మైలమ అన్నను చూసింది. రేపు ఉదయం నుంచి పట్టుబడ్డ వాళ్లందరికీ ఆ కొప్పెరలోనే దివ్యం మొదలవుతుంది. ఏ చేయి ఎందుకు కాలుతుందో ఒక్కరికీ తెలియదు. ఈ మనిషి బతికితే చాలునని గండి పొడవునా ఆమె పళ్లు కరుచుకుని కోరుకుంది. ఇప్పుడూ కోరుకుంటున్నది. కుడిపాయ పట్టుకుంటే అతడు బతుకుతాడు. అదే మాట ఇంకో మూడేళ్లు అంటూ బతుకుతాడు.

ఆమె బయ్యన్న చేతిలోంచి తెడ్డు తీసుకుని ఎడమకు వేసింది.

"వాళ్లు నన్ను చంపుతారు చెల్లీ" అన్నాడు పోలన.

"చంపకముందే చెప్పాలి. నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

నల్లరాయి వాళ్ల కుడివైపు నుంచి దాటిపోయింది. పోలన దాన్ని చివరిదాకా చూసి, "నేనే చెబుతాను" అన్నాడు.

పుట్టి ఇసుకను తాకింది. ఎవరూ ఎదురు రాలేదు, ఎవరూ కాళ్లకు మొక్కలేదు. గుంపులో ఒకడు వంగి రాయి తీసుకున్నాడు. కిందిరేవులో పన్నెండు గుర్రాలు మెడలదాకా నీళ్లలో దిగి ఈదుతున్నాయి. పట్టు తలపాగా ఒకటి నీటిమీద ఎర్రపువ్వులా ఇటువైపే తేలి వస్తున్నది. పోలన తడబడుతూ దిగి, కాలిన చేతిని దాచకుండా ముందుకు పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ చెయ్యి అప్పుడెందుకు కాలలేదో, ఇవాళెందుకు కాలిందో చెబుతాను" అన్నాడు. "కూర్చోండి."

ఎవరూ కూర్చోలేదు. రాయి పట్టుకున్నవాడు రెండడుగులు ముందుకు వేశాడు. మైలమ తెడ్డును రెండు చేతులా బిగించింది.

గుంపు వెనకనుంచి చేపలగంప మోసుకొచ్చిన ముసలమ్మ ఒకతె దారి చేసుకుంటూ ముందుకు వచ్చి, గంప దించి, ఇసుకలో చతికిలబడింది.

"నా కాళ్లు నిలవవు" అన్నది. "చెప్పు."